తండ్రులకు మొదటి సగం, కొడుకులకు చివరి సగం

ప్రభుత్వం వారు ఇంటింటికీ గ్యాస్ బండతో పాటు ఆ పాత సినిమాను కూడా ఉచితంగా అందించాలని నేను గట్టిగా కోరుతున్నాను. నవ్వకండి!

ఏ సినిమా అంటారా? మిల్లు యజమాని తండ్రి, మిల్లుకు రానని సంగీతం బడి పెట్టుకునే కొడుకు, తలుపు చాటున కళ్ళొత్తుకునే తల్లి. అదే! మా కాన్పూరులో ఆదివారం మధ్యాహ్నం ఏదో ఒక ఛానెల్‌లో అది రాకపోతే, ఇవాళ ఆదివారం కాదేమోనని జనం దుకాణాలు తెరిచేస్తారు.

కొందరు దీన్ని పీడ అంటారు. వేసిందే వేస్తున్నారట, చూసిందే చూస్తున్నామట. పూజగదిలో రోజూ వెలిగించే దీపమే వెలిగిస్తున్నాం కదా, ఎవరైనా విసుక్కున్నారా?

దానివల్ల ఇళ్ళల్లో ఎంత శాంతి! పూర్వం తండ్రీకొడుకులు గొంతులు పోయేలా పోట్లాడుకునేవారు. ఇప్పుడా శ్రమ లేదు. తెర మీద తండ్రి మెట్లపై నిలబడి, ఈ ఇంట్లో చివరి మాట తనదేనని ఉరుముతాడు. ఇక్కడ మన తండ్రిగారు కుర్చీలో గొంతు సవరించుకుంటే చాలు, ఎవరికి తగలాలో వారికి తగులుతుంది.

మా వీధి చివర మిశ్రాజీ ఇంటికి మేడ లేదు. అయినా హాల్లో మెట్లు కట్టించారు. అవి పైకప్పు దాకా వెళ్ళి ఆగిపోతాయి. కొడుకుతో పని పడినప్పుడు తల తగలని మెట్టు చూసుకుని ఆయన నిలబడతారు. బట్టల కొట్లో ఆ సినిమా నాన్నగారు కప్పుకునే రకం శాలువాలకు వేరే అర ఉంది, మే నెలలో కూడా ఖాళీ అయిపోతుంది. ఆదివారం సాయంత్రం డాక్టరుగారి దగ్గర పెద్దమనుషులు తెర మీది తండ్రిలాగే గుండె మీద చెయ్యి వేసుకుని క్యూ కడతారు. కొడుకు వచ్చి పాదాలు ముట్టుకోగానే ఆ నొప్పి పోతుంది. అందుకని డాక్టరుగారు మందుల చీటీలో కొడుకు పేరే రాసి, రోజుకు రెండు పూటలా అంటున్నారు!

ఒకే సినిమా అందరికీ ఇంత మేలు ఎలా చేస్తోంది? ఆ కిటుకు నాకు మా పక్కింటి శివాధార్ అవస్థీగారి వల్ల తెలిసింది.

అవస్థీజీ రిటైరైన పోస్టుమాస్టరు, నిష్ఠాపరులు. ఆదివారం సినిమా చూస్తారు గానీ, హారతి వేళ కాగానే లేచి హనుమాన్ గుడికి వెళ్ళిపోతారు. అప్పటికి తెర మీద కొడుకు వానలో ఇల్లు వదిలి వెళ్ళిపోయి ఉంటాడు. మా వీధి తండ్రులందరిదీ ఇదే అలవాటు. తండ్రి ఎదుట కూర్చోవడం మర్యాద కాదు కనుక కొడుకులు అంతవరకు ఆ గదిలోకి రారు. ఆయన చెప్పుల చప్పుడు సందు మలుపు తిరిగాక, ఆ కుర్చీలోనే కూర్చుని మిగతా సగం చూస్తారు. అందులో తండ్రి తడిసి ముద్దయి కొడుకు గుమ్మం ముందుకు వచ్చి, తప్పు తనదేనని ఒప్పుకుంటాడు.

అంటే తండ్రులు గెలిచే సినిమా తండ్రులు చూశారు, కొడుకులు గెలిచే సినిమా కొడుకులు చూశారు. రామరాజ్యం ఇంతకన్నా బాగుంటుందా? మొత్తం చూసేది వంటింటి గుమ్మంలో నిలబడే ఆడవాళ్ళే. వాళ్ళనెవరూ ఏమీ అడగలేదు.

ఇంతలో అవస్థీజీ కోడలు కుముద్‌కు గంగ దాటి తూర్పున, ఉన్నావ్ అనే ఊళ్ళో టీచరు ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరకపోతే అది ఇంకొకరికి పోతుంది. మామగారి అనుమతి కావాలి. భర్త సుధాంశు, నాన్నగారే చివరికి మెత్తబడి తనంతట తాను చెబుతారని ధైర్యంగా ఉన్నాడు. సినిమాలో చూశాడు కదా! అవస్థీజీ ఎప్పుడో గొంతు సవరించుకున్నారు, వద్దన్న సంగతి అందరికీ అర్థమైందని నిశ్చింతగా ఉన్నారు. ఆయనా సినిమాలో చూశారు!

చేరవలసిన రోజుకు ముందు ఆదివారం రాత్రి చంద్రగ్రహణం. మధ్యాహ్నమే సూతకం పట్టింది, గుడి తలుపులు మూసేశారు. మా టీవీ పాడైతే నేనూ వాళ్ళింట్లోనే ఉన్నాను. పెరుగులో తులసాకులు వేసి, వంట కట్టిపెట్టి అందరం కూర్చున్నాం. హారతి వేళ అయింది. అవస్థీజీ లేవలేదు. లేచి వెళ్ళడానికి చోటేది? సుధాంశు గుమ్మం బయటే నిలబడిపోయాడు.

తెర మీద తండ్రి వానలోకి దిగాడు. అవస్థీజీ కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇదేమిటి? ఛానెల్ వాళ్ళు చివర మార్చేశారే."

"ఎవరూ మార్చలేదు," అన్నారు ఆయన భార్య రామ్‌దులారీగారు. "మీరు గుడికి వెళ్ళిన ప్రతిసారీ ఆ పెద్దాయన ఇలాగే తడుస్తున్నాడు."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"మీరెప్పుడు అడిగారు గనక."

సినిమా అయిపోయింది. సబ్బు ప్రకటన వచ్చింది. తండ్రి కొడుకు వైపు, కొడుకు తండ్రి వైపు చూశారు.

ఆ ఇంట్లో కోడలు మామగారితో నేరుగా మాట్లాడదు. మాట అత్తగారి మీదుగా వెళ్ళాలి. కుముద్ తల మీద కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుని, గుమ్మంలోంచి అంది: "అమ్మాజీ, బాబూజీని అడగండి. రేపు నేను వెళ్ళనా, మాననా?"

అవస్థీజీ సబ్బు మీంచి చూపు తిప్పలేదు. అలాగే భార్యతో అన్నారు: "సోమవారం తూర్పు ప్రయాణం కూడదని చెప్పు."

సుధాంశు తల వంచుకున్నాడు.

"గడప దాటేముందు అద్దంలో ముఖం చూసుకుంటే దోషం పోతుందని కూడా చెప్పు. పెందలాడే బయల్దేరమను. వంతెన మీద ట్రాఫిక్ ఉంటుంది."

చూశారా సినిమా మహిమ, అని ఇక్కడ ముగిద్దామనుకున్నాను. కానీ ఎంత ఆలోచించినా సినిమా చేసిందేమిటో నాకు తోచడం లేదు. ఆ అమ్మాయి అడిగింది, ఆయన చెప్పారు. గుడి తెరిచి ఉంటే అడిగేదీ కాదు, చెప్పేవారూ కారు. ఇంట్లో అడగవలసిన వేళకు తన దగ్గరకు లేచి వచ్చే భక్తులను చూసి ఆ హనుమంతుడు ఏమనుకుంటాడో నాకు తెలియదు.

కొత్త పంచాంగం కొని చూశాను. మా వీధిలో గుమ్మాల్లో నిలబడి ఉన్న కోడళ్ళు చాలామంది. వచ్చే ఏడాది గ్రహణాలు అందరికీ చాలవు.