విమానానికి వాహన పూజ

అది 1998. ఆదివారం పదకొండింటికి గవర్నర్‌పేటలో బొమ్మ విమానాల పోటీ. తొమ్మిదింటికి స్నానం, తొమ్మిదిన్నరకి టిఫిను, పదింటికి ఆటో అని తిరుపతిరావు ముందురోజే కాగితం మీద రాసుకున్నాడు. ఇబ్రహీంపట్నం కరెంటు స్టేషన్లో గుమాస్తా అయిన ఆయన ఆరు నెలలు తిండీ నిద్రా మాని, డబ్బాలో వచ్చిన ప్లాస్టిక్ ముక్కలు అతికించి ఒక యుద్ధ విమానం తయారుచేశాడు. సైన్యం ఎగరేసి పరీక్షించే రకం కాబట్టి దానికి ఒళ్ళంతా నారింజ రంగు, తెల్ల చారలు. జీవితంలో ఒక్కసారైనా సర్టిఫికెట్ మీద తన పేరు చూసుకోవాలని పాపం ఆయన కోరిక. దాన్ని తగిలించడానికి ముందుగదిలో మేకు కూడా కొట్టేశాడు.

"ఈ వయసులో బొమ్మలేంటండీ?" అని ఆరు నెలలూ సణిగిన భార్య సీతారావమ్మకి ఆ ఉదయం మాత్రం ఆయన మీద జాలేసింది. కొత్త బండి ఏదైనా పూజ లేకుండా గడప దాటడం ఆవిడ ఎరగదు. ఆయన స్నానానికి వెళ్ళగానే విమానం ముక్కుకి పసుపు రాసి, రెక్కలకి బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలుంచి ముందుకి తోసింది. నిమ్మకాయలు చెక్కుచెదరలేదు. చక్రాలు మూడూ ఊడొచ్చాయి.

"సైదావలీ! ఒక్కసారి రావయ్యా, కొంప మునిగింది!" అని గోడ మీంచి కేకేసింది.

పక్కింటి సైదావలి వన్ టౌన్లో ఆటోలకీ లారీలకీ రంగులేస్తాడు. "ఇంతేనా అక్కా, ఐదు నిమిషాల పని" అంటూ చక్రాలు అతికించాడు. రాత్రి వేసిన వార్నిష్ ఇంకా ఆరకపోవడంతో బొట్లు అంటుకుపోయాయి. వాటి మీద పసుప్పచ్చ రంగు పులిమాడు. అక్కడితో ఆగితే బాగుండేది. తన చేతిలో పడ్డ బండిని రాతల్లేకుండా పంపడం అతనికి చేతకాదు. తోక మీద "హారన్ ప్లీజ్" అనీ, రెక్కల మీద "దూరంగా ఉండు" అనీ ముత్యాల్లాంటి అక్షరాలు రాసి, పక్కన రెండు తామరపూలు వేశాడు.

"ఇదేంటయ్యా?" అంది సీతారావమ్మ నీరసంగా.

"బోసిగా ఉందక్కా."

తిరుపతిరావు తయారై వచ్చేసరికి విమానం అట్టపెట్టెలో ఉంది. "దిష్టి తగుల్తుందండీ, అక్కడికెళ్ళాకే విప్పండి" అంది సీతారావమ్మ ఎటో చూస్తూ. ఆవిడకి ఇన్నాళ్ళకి శ్రద్ధ కలిగినందుకు ఆయన పొంగిపోయాడు.

గవర్నర్‌పేట హాల్లో పెట్టె విప్పగానే నలుగురూ పగలబడి నవ్వారు. తిరుపతిరావు గబగబా పెట్టె మూసేయబోయాడు. వైమానిక దళంలో మెకానిక్‌గా రిటైరైన న్యాయనిర్ణేత శౌరయ్యగారు కళ్ళజోడు సవరించుకుని వంగి చూశారు.

"ఎవరండీ ఇలా చేసింది?"

"నేను కాదు సార్! దేవుడి సాక్షిగా ఈ విమానంతో నాకే సంబంధమూ లేదు. మా ఆవిడ సీతారావమ్మ, పక్కింటి సైదావలి. అంతా వాళ్ళ నిర్వాకమే. కావాలంటే రాసుకోండి!" అని హాలంతా వినబడేలా అరిచాడు.

శౌరయ్యగారు రాసుకున్నారు.

గంట తర్వాత ఆయన మైకు అందుకున్నారు. "పరీక్షించే విమానానికి ఇంత రంగెందుకు? దూరం నుంచే అందరి కంటా పడాలని. ఇక్కడున్న మిగతా పన్నెండూ డబ్బా మీది బొమ్మకి నకళ్ళు. ఆ రంగులో ఉన్న సంగతిని మన రోడ్డు భాషలో చెప్పింది ఇదొక్కటే. మొదటి బహుమతి దీనికే!"

చప్పట్లు మోగుతుండగానే తిరుపతిరావు పరుగెత్తాడు. "సార్, దాన్ని కట్టింది నేనేనండీ!"

"ఇందాక దేవుడి సాక్షిగా అన్నారుగా?" అన్నారు శౌరయ్యగారు.

సర్టిఫికెట్ మీద సీతారావమ్మ పేరూ సైదావలి పేరూ పెద్దక్షరాల్లో మెరిసిపోయాయి. అడుగున, చిన్నక్షరాల్లో, "తెచ్చినవారు: తిరుపతిరావు" అని ఉంది.