ఇరుక్కుపోయిన తలుపుకు జేజేలు

కాపురం పచ్చగా ఉండాలంటే బాత్రూం తలుపు ఇరుక్కుపోవాలి! ఈ సత్యం బోధపడేసరికి నేను తలుపుకు లోపల ఉన్నాను. మా ఆవిడ బయట ఉంది. అప్పటికి నలభై నిమిషాలైంది.

నవ్వకండి. అది మా పద్దెనిమిదో పెళ్లిరోజు. రెండొందల ఏళ్ల నాటి సత్రాన్ని బాగుచేసి హోటల్‌గా మార్చారంటే, ఒక్క రాత్రి ఉండి పోదామని వచ్చాం. అంతకు ముందు పదిహేడు పెళ్లిరోజులూ నా డిటెక్టివ్ సీరియళ్ల డెడ్‌లైన్ల కింద నలిగి చచ్చాయి. అందుకే ఈసారి మా ఆవిడ ఇంట్లోనే తీర్పు చెప్పేసింది.

"అక్కడ ఒక్క అక్షరం రాశారా, ఐదున్నర బస్సుకి నేనొక్కదాన్నే ఇంటికొచ్చేస్తా."

పెట్టె తనే సర్దింది. నా జేబులన్నీ తడిమింది. సాక్సులు మాత్రం చూడలేదు.

సరే, విషయానికొద్దాం. పాత కట్టడాల్లో అసౌకర్యాలుంటాయని ఎవరన్నారు? ఉన్నవన్నీ వరాలే! గుమ్మాలు పొట్టివి. నా నుదురు రెండుసార్లు బొప్పి కట్టింది. మా ఆవిడ నా తల నిమిరి ఎన్నేళ్లయిందో! మెట్లు అడుగు పెడితే చాలు, కిర్రుమంటాయి. నా నవలల్లో హంతకులు ఇలాంటి మెట్ల మీదే పిల్లుల్లా నడిచిపోయారు. పాఠకులు క్షమించాలి. వేడినీళ్లు రావడానికి ఇరవై నిమిషాలు. అంతసేపు నేను ఒకేచోట కుదురుగా నిలబడటం మా ఇంట్లో ఎవరైనా చూశారా?

ఇక మేనేజర్. కనబడ్డ ప్రతి వస్తువు పక్కనా ఒక కార్డు పెట్టాడు. కింద అద్దాల బీరువాలో తుప్పు మేకులకు కూడా కార్డులే. బాత్రూం తలుపు మీద: "ఇనప గడియ. రెండొందల ఏళ్లు. ముట్టరాదు." ముట్టకుండా గడియ పెట్టుకోవడం ఎలా? పైగా అది వదులు. దానంతటదే జారిపోతోంది. అందుకని నేనొక చిన్న ఏర్పాటు చేశాను. అదేమిటో ఇప్పుడే చెప్పను. ఆధారాలు దాచడం నా వృత్తి.

"ఏవండీ, ఊపిరాడుతోందా?"

"ఆడుతోంది."

"పగలగొట్టమంటే ఈయన ఒప్పుకోవట్లేదు. చరిత్రట!"

"మేడమ్, వడ్రంగి వచ్చేస్తున్నాడు," మేనేజర్ బతిమాలుతున్నాడు. "తలుపుకి గీత పడకుండా ఊడదీస్తాడు."

"మీ చరిత్ర తగలెయ్య! లోపలున్నది మా ఆయన!"

విన్నారా? నా కోసం మా ఆవిడ ఒకరితో పోట్లాడటం పద్దెనిమిదేళ్లలో ఇదే మొదలు! తర్వాత తలుపుకి ఆనుకుని కూర్చుంది కాబోలు, గొంతు దగ్గరగా వినిపించింది.

"మిమ్మల్ని ఊరికే అనుమానించానండీ. పాపం, పొద్దుట్నుంచీ పెన్ను ముట్టలేదు."

ఇంత ఆప్యాయత ఏ కొత్త హోటల్ తలుపు ఇస్తుంది? నా కళ్లు చెమర్చాయి. ఈ తలుపు ఇక ఎప్పటికీ తెరుచుకోకపోతే బావుండుననిపించింది.

కానీ వడ్రంగి పనిమంతుడు. ఐదుంబావుకల్లా తలుపు ఊడదీసి గోడకు ఆనించాడు. లోపల నేను. నా చేతిలో టిష్యూ రోల్. దాని నిండా నా సీరియల్ చివరి అధ్యాయం.

"గడియ బంగారంలా ఉందమ్మా," అన్నాడు వడ్రంగి. "సందులో ఇది దూర్చారు."

పెన్ను మూత!

"ఇది మా చరిత్రలో లేదే!" అన్నాడు మేనేజర్.

మా ఆవిడ మూత అందుకుంది. నా చెవి మీదున్న పెన్ను తీసింది. మూత పెట్టింది. టిక్కుమంది. గోడ గడియారం వైపు చూసింది. నాకు పట్టినంత చెమట నా నవలల్లో ఏ హంతకుడికీ పట్టలేదు.

"దీన్ని మీ అద్దాల బీరువాలో పెట్టి తాళమెయ్యండి," అంది మేనేజర్‌తో. "రేపు మేం వెళ్లేదాకా తియ్యొద్దు."

ఆ 'మేం' విన్నాక గానీ నాకు ఊపిరాడలేదు.

మేనేజర్ పెన్నును రెండు చేతులా అందుకుని, అలవాటుగా జేబులోంచి ఖాళీ కార్డు తీశాడు.

"దీని పక్కన ఏమని రాయమంటారు మేడమ్?"

"నా సవతి అని రాయండి!"