యూరప్‌కు మూడు సెలవు చీటీలు

ఆ ఆదివారం ఉదయం నరేందర్ ఒక్కడికి సరిపడా ఉప్మా చేసుకుని, తినడం మరిచిపోయి, యూరప్ పటం ముందు కూర్చున్నాడు. తొమ్మిది రోజుల్లో నాలుగు దేశాలు చుట్టి రావాలి. అంతకు మించి రోజులు దొరకవు. దసరాకు గానీ భార్య సుమతి పనిచేసే హాస్టలు ఖాళీ కాదు. ఆ వెంటనే కొత్త వడ్లు దిగితే కూతురు భాగ్యశ్రీ మిల్లు వదిలి కదలలేదు. మధ్యలో మిగిలేవి ఆ తొమ్మిదే.

సుమతి కోదాడలో ఓ ప్రైవేటు స్కూలు హాస్టలు వార్డెను. భాగ్యశ్రీది మిర్యాలగూడ రైసుమిల్లులో బియ్యం నాణ్యత చూసే ఉద్యోగం. నరేందర్ సూర్యాపేటలో విత్తనాల కంపెనీ గుమాస్తా. గంట, గంటన్నర దూరాలే. అయినా ఆరేళ్లుగా ముగ్గురూ ఒక్కచోట అన్నం తినేది నెలకో ఆదివారం, అదీ ఎవరికీ ఫోను రాకపోతే. నరేందర్‌కు మంచుకొండల మీద మోజేమీ లేదు. అక్కడైతే తొమ్మిది రోజులు వాళ్లిద్దరూ కళ్లముందుంటారు, తప్పించుకుపోదామన్నా ఆ భాషలు రావు.

"మీ ఇద్దరికి ఒక రూము, పాపకు ఒక రూము బుక్ చేస్త సార్," అన్నాడు మర్నాడు ట్రావెల్ ఏజెంటు.

"వద్దు. ముగ్గురికీ ఒక్కటే."

"ఇరుకైతది సార్."

"ఇరుకు కావాలెనయ్యా నాకు!"

ఏజెంటు అదోలా చూసి, ముగ్గురి ఆఫీసుల నుంచీ సెలవు మంజూరు చేసినట్టు లెటర్లు కావాలన్నాడు.

కథ అడ్డం తిరిగింది ఇక్కడే. పెళ్లి, చావు, దవాఖాన, ఈ మూడింటికి తప్ప తొమ్మిది రోజుల సెలవు అడగడానికి మనవాళ్లకు నోరు రాదు. షికారుకని అడిగితే పైవాళ్లు నవ్వుతారు, ఆ తర్వాత నవ్వరు. అందుకని ముగ్గురూ ఎవరి తెలివి వాళ్లు వాడుకున్నారు. ఒకరితో ఒకరు చెప్పుకోలేదు. వాళ్ల ఫోన్లలో "తిన్నవా?", "తిన్న" దాటి మాట సాగి చాలా కాలమైంది. సెలవులు దొరికాయి. లెటర్లు నేరుగా ఏజెంటుకు చేరాయి. ఆయన చదవకుండానే ఫైలులో పెట్టి పంపించాడు.

ప్రయాణం వారం ఉందనగా వీసాకు బదులు తిరస్కరణ వచ్చింది. సెలవు కారణానికీ ప్రయాణ కారణానికీ పొంతన లేదట. నరేందర్ మూడు లెటర్లూ అప్పుడు చదివాడు. తనది భార్యకు ఆపరేషన్. సుమతిది భర్తకు ఆపరేషన్. భాగ్యశ్రీ ఎవరికీ అన్యాయం చేయకుండా 'ఇంట్లో పెద్దవాళ్లకు ఆపరేషన్' అని రాయించుకుంది.

వెంటనే ఇద్దరికీ ఒకేసారి ఫోను కలిపాడు.

"నాకు ఆపరేషనా? నన్నొక మాట అడిగినవా సుమతీ?"

"మీరు నన్నడిగే నా కడుపు కోయించిండ్రా?"

"కొట్లాడకుండ్రి," అంది భాగ్యశ్రీ. "ఇప్పుడు సెలవు వాపస్ ఇస్తే ముగ్గురం దొరికిపోతం. సప్పుడు జేయకుంట సూర్యాపేటలనే ఉందం."

ఫోను పెట్టేశాక నరేందర్ తనకే సిగ్గేసేంత సంతోషపడ్డాడు. యూరప్ పోతే పోయింది, తొమ్మిది రోజులు పోలేదు! మూడు పరుపులూ ఒకే గదిలో పరిచాడు.

సెలవు మొదటిరోజు పొద్దున్నే తల్లీకూతుళ్లు దిగారు. సుమతి దోసెలు పోస్తుండగా తలుపు చప్పుడైంది. స్కూలు ప్రిన్సిపాల్ నాగరాణి, వెనుక నలుగురు టీచర్లు, చేతుల్లో ఆపిల్ పళ్లు, బ్రెడ్డు, కొబ్బరిబోండాలు. ఆపరేషనని తెలిశాక చూసి రాకపోతే ఎంత మాటొస్తుంది! నరేందర్ నోట్లో దోసె నోట్లో ఉండగానే పరుపు మీద వాలిపోయాడు. అయిదు నిమిషాలకు ఆయన మేనేజరు, అటెండరు బాల్యా మరో సంచి పళ్లతో వచ్చారు. టీ తెస్తున్న సుమతి గ్లాసులు కిందపెట్టి రెండో పరుపెక్కింది.

"మేడమ్‌కు కదా సార్ ఆపరేషన్? నువ్వెందుకు పండుకున్నవ్?" అన్నాడు బాల్యా.

"కాదండీ, సార్‌కే!" అంది నాగరాణి.

అందరూ భాగ్యశ్రీ వైపు తిరిగారు.

"ఇద్దరికీ," అంది ఆ పిల్ల. "ఇద్దరికీ చెయ్యాలన్నరు. మళ్ల సూసి, అసలు అవసరమే లేదన్నరు. మందులతోనే తగ్గిందట."

గండం గడిచిందనుకుంది.

"హమ్మయ్య! దేవుడు చల్లగా చూశాడు," అంది నాగరాణి. "అయితే సుమతిగారూ, కార్లో చోటుంది, వచ్చెయ్యండి. ఇళ్లకు పోని పిల్లలు ముప్ఫై మంది ఉన్నారు, చూసే దిక్కు లేదు."

సుమతి భర్త వైపు చూసింది. ఒంట్లో బాగున్నాక రానని చెప్పడానికి ఏ సాకూ తోచలేదు. అంతలో మిల్లు నుంచి ఫోను. వడ్లు ముందే దిగాయి, ఆపరేషన్ ఏమైందని. అంత మంది వింటుండగా భాగ్యశ్రీ అబద్ధం మార్చలేకపోయింది. ఇద్దరూ విప్పని సంచులే మళ్లీ పట్టుకున్నారు.

నరేందర్ లేచి కూర్చున్నాడు. "నేను కూడ రేపట్నుంచి ఆఫీసుకొస్త సార్," అన్నాడు. ఒంటరిగా ఆ గదిలో ఉండటం తన వల్ల కాదని చెప్పడానికి అంతకన్నా వేరే మాట దొరకలేదు.

మేనేజరు ఆయన భుజం తట్టాడు. "వద్దు నరేందర్ గారూ. మేడమ్ గురించి ఎంత పరేషాన్ అయిండ్రో మీ మొహం సూస్తేనే తెలుస్తున్నది. సెలవు అట్లనే ఉంచుత. తొమ్మిది రోజులు జర రెస్టు తీసుకోండ్రి."

మధ్యాహ్నానికి ఇంట్లో రెండు సంచుల ఆపిల్ పళ్లు, మూడు పరుపులు, ఆయన మిగిలారు. ఏడుపొచ్చింది. పక్కింటివాళ్లకు వినిపిస్తుందని ఆపుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇల్లు ఊడ్చి, నాలుగు కుర్చీలు వేసి, ఎవరైనా చూడటానికి వస్తారేమోనని తలుపు బార్లా తెరిచి కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. ఏ రోగమూ లేని మనిషిని పరామర్శించే ఆచారం మన దగ్గర లేదు.