చివరి పేజీలో మొదటి వాక్యం

జైపాల్ ఆ ఉదయం ఐదింటికే లేచి, తలస్నానం చేసి, జేబుకు కొత్త పెన్ను తగిలించుకున్నాడు. ఇవాళ నవల మొదలుపెట్టాలని అతని నిర్ణయం. ఈ నిర్ణయానికి నాలుగేళ్ళు నిండాయి. నవలకు పేరుంది, అంకితం ఎవరికో తేలిపోయింది, సన్మాన సభలో మాట్లాడాల్సిన నాలుగు ముక్కలు కూడా స్నానాల గదిలో రిహార్సల్ అయ్యాయి. లేనిదల్లా మొదటి వాక్యం. అదొక్కటి పడితే తక్కినదంతా దానంతటదే వచ్చేస్తుందని అతని నమ్మకం.

"ఇయ్యాలన్న ఒక్క లైను రాస్తవా, పెన్నుకు గాలి తగిలిచ్చి తెస్తవా?" అంది భార్య రవళి, టిఫిన్ డబ్బా చేతికిస్తూ. నిజానికి ఆమె దిగులు వేరు. జైపాల్ గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఏడేళ్ళుగా కాంట్రాక్టు ఆపరేటరు. అతన్ని పర్మినెంటు చేసే కాగితం మేనేజరు బాపిరాజు బల్ల మీద ఉంది, సాయంత్రం సంతకం అవుతుందని కబురు. ఈ ఒక్కరోజు బుద్ధిగా ఉండి రమ్మని ఆమె మరీమరీ చెప్పింది. అలాగేనని జైపాల్ తమ ఊరు హత్నూరలో కంపెనీ బస్సెక్కాడు.

పది గంటలకు మూడో నంబరు రియాక్టరు చల్లబడడం మొదలైంది. రియాక్టరంటే మందు ఉడికే పెద్ద ఇనుప బాన. అది చల్లారేదాకా మీటరు చూస్తూ నిలబడడం తప్ప పనేమీ ఉండదు. అలా చూస్తూ ఉండగా, నాలుగేళ్ళుగా మొహం చాటేసిన మొదటి వాక్యం చెప్పాపెట్టకుండా వచ్చేసింది. జైపాల్‌కు ఒళ్ళు ఝల్లుమంది. రాసుకుందామంటే లోపలికి ఫోను రానివ్వరు, తెల్లకాగితం రానివ్వరు. ఎదురుగా ఉన్నది లాగ్‌బుక్ ఒక్కటే. ఏ గంటకు ఏం జరిగిందో రాసే రెండు వందల పేజీల పుస్తకమది. రాత ఇంకా ముప్పయ్యో పేజీ దాటలేదు. చివరి పేజీ ఇప్పట్లో ఎవరు చూడొచ్చారనుకుని, అక్కడికి తిప్పి గబగబా రాసేశాడు:

"మూడో నంబరు రియాక్టరులోకి దిగిన మనిషి మళ్ళీ పైకి రాలేదు."

ఆ ఫ్యాక్టరీలో ఏం రాసినా కింద సంతకం, తేదీ, టైము వేసి తీరాలి. ఏడేళ్ళ అలవాటు కదా, చెయ్యి దానంతటది సంతకం గీకి, తేదీ వేసి, పది ఇరవై అని టైము కూడా వేసింది. జైపాల్ ఆ వాక్యాన్ని మూడుసార్లు చదువుకుని మురిసిపోయి, మీటరు చూస్తుండమని పక్క ఆపరేటరుకు చెప్పి టీకి వెళ్ళాడు.

అతను అటు వెళ్ళగానే క్వాలిటీ ఆఫీసరు సత్యశ్రీ వచ్చింది. ఆమె చేరి నెల కూడా కాలేదు. ఎవరైనా పేజీలు చించారేమోనని లాగ్‌బుక్కులను చివరి నుంచి వెనక్కి లెక్కపెట్టడం ఆమె పని. ఇవాళ లెక్క రెండు వందలతో మొదలై రెండు వందల దగ్గరే ఆగింది. గోడకున్న కంపెనీ ఫోను తీసి బాపిరాజును పిలిచింది.

బాపిరాజు పరుగున వచ్చి చూశాడు. రియాక్టరు మూతకు పొద్దున బిగించిన బోల్టులు బిగించినట్టే ఉన్నాయి. లోపలికి మనిషి కాదు కదా ఈగ కూడా దూరే వీల్లేదన్నాడు.

"కానీ సార్, రాసి ఉంది కదా" అంది సత్యశ్రీ.

రాసి ఉంటే జరిగినట్టే, రాయకపోతే జరగనట్టే అని కొత్తవాళ్ళకు ఏటా పాఠం చెప్పేది బాపిరాజే. ఇరవై రెండేళ్ళుగా చెబుతున్న ఆ పాఠం ఇవాళ తన మెడకే చుట్టుకుంది. పైగా సంతకం ఉంది, టైముంది. ఆయన పక్కనున్న డ్రమ్ము మీద కూలబడి, సైరన్ కొట్టమని సైగ చేశాడు.

సైరన్ వినగానే జైపాల్ టీ గ్లాసుతోనే గేటు దగ్గరికి పరుగెత్తాడు. అక్కడ గుంపులో ఉన్న తోటి కార్మికుడు ఎల్లయ్య, మూడో నంబర్ల మనిషి పడ్డడంట అని చెప్పాడు. జైపాల్ నిర్ఘాంతపోయాడు. తను టీకి వెళ్ళిన పది నిమిషాల్లోనే ఇంత ఘోరమా అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ తర్వాత గానీ తన వాక్యం గుర్తు రాలేదు. గుర్తొచ్చాక గ్లాసు జారి కింద పడింది. తను రాసిందే జరిగింది. అక్షరం పొల్లుపోలేదు.

ఈలోగా తలలు లెక్కపెట్టారు. గేటు దగ్గర గీకే హాజరు కార్డుల ప్రకారం ఫ్యాక్టరీలో ఎనభై ఆరుగురు ఉండాలి. నిలబడింది ఎనభై అయిదుగురు. బాపిరాజు తన చేత్తో ఒక్కొక్కరి భుజం తడుతూ మళ్ళీ లెక్కపెట్టాడు. ఎనభై అయిదే. లేనివాడు స్టోరులో పనిచేసే రామన్న. అందరూ మూడో నంబరు వైపు చూశారు. ఎల్లయ్య మాత్రం నేలచూపులు చూస్తున్నాడు.

జైపాల్ ఇక ఆగలేకపోయాడు. ముందుకు వచ్చి చేతులు జోడించాడు.

"సార్, రామన్నను నేనే సంపిన. నేను రాసిన తర్వాతనే గట్లయింది."

"రాసిన తర్వాతా?" అన్నాడు బాపిరాజు. "అంటే, వాడు పోకముందే రాసిపెట్టావా నువ్వు?"

అవునన్నట్టు జైపాల్ తలూపాడు. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆయనతోపాటు అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. సత్యశ్రీ రెండడుగులు వేసింది.

రామన్న భార్య మొగులమ్మకు కబురు చెప్పక తప్పదు. ఆ పాపిష్టి పని ఎవరికీ అప్పగించలేక బాపిరాజే రిజిస్టరులో ఉన్న నంబరుకు ఫోను చేశాడు. ఎత్తింది రామన్న.

"సార్, స్టోర్లనే ఉన్న" అన్నాడతను.

"బతికే ఉన్నావా నాయనా!" బాపిరాజు కళ్ళు చెమర్చాయి. అంతలో ఫోనులోంచి ఒక గేదె గట్టిగా అరిచింది. ఆయన కళ్ళు తుడుచుకుని, స్టోరులోకి గేదె ఎలా వచ్చిందని అడిగాడు.

"ఈనుతుంది సార్. జెర సేపట్ల వస్త."

పొద్దున గేటు దగ్గర తన కార్డుతోపాటు రామన్న కార్డు కూడా గీకింది ఎల్లయ్య. ఆ సంగతి అక్కడికక్కడే ఒప్పేసుకున్నాడు.

తర్వాత బాపిరాజు గదిలో జైపాల్ అసలు విషయం చెప్పాడు. "నవలా?" అని బాపిరాజు మూడుసార్లు అడిగాడు. పేజీ చించడానికి నిబంధన ఒప్పుకోదు కనుక సత్యశ్రీ ఆ వాక్యం మీద జైపాల్ చేతనే ఒక గీత గీయించి, పక్కన కారణం రాయించింది. 'నవల మొదలుపెట్టడం వల్ల' అని రాసి అతను సంతకం, తేదీ, టైము వేశాడు. ఆ మొదటి వాక్యాన్ని ఇంకెక్కడా రాయనని, ఎవరికీ చెప్పనని మరో కాగితం మీద కూడా రాసిచ్చాడు. పుస్తకాన్ని సీలు వేసి రికార్డు గదికి పంపారు. ఏడేళ్ళదాకా దాన్ని ఎవరూ తెరవకూడదు.

ఆ పని అయ్యాక బాపిరాజు పర్మినెంటు కాగితం ముందుకు లాక్కున్నాడు. చింపుతాడనుకుని జైపాల్ కళ్ళు మూసుకున్నాడు. ఏడేళ్ళు ఒక్క లైనుకు పోయాయని, రవళికి ఏ మొహం చూపించాలని లోపల కుమిలిపోయాడు. కాగితం చిరిగిన చప్పుడు రాలేదు. పెన్ను గీకిన చప్పుడు వచ్చింది.

"నిజం రాసి సంతకం పెట్టమంటేనే టైము మర్చిపోయేవాళ్ళతో ఇరవై రెండేళ్ళుగా వేగుతున్నానయ్యా" అన్నాడు బాపిరాజు. "అబద్ధానికి కూడా సంతకం, తేదీ, టైము వేసినవాణ్ణి నిన్నే చూశాను. రేపట్నుంచి రికార్డు గదిలో కూర్చో."

ఆ మాటకు అదిరినంతగా జైపాల్ సైరన్‌కు కూడా అదిరిపోలేదు.

సాయంత్రం రవళి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి దేవుడి పటం ముందు పెట్టింది. ఆనందం కాస్త సర్దుకున్నాక పెన్ను సంగతి గుర్తొచ్చి, లైను రాసినవా అని అడిగింది. రాసిన అన్నాడు జైపాల్.

"ఏది, సూపియ్యి."

"ఏడేండ్లు ఆగాలె."

రవళి టిఫిన్ డబ్బా కడగడానికి లేచింది. మొదటి వాక్యం కోసం నాలుగేళ్ళు ఆగిన ఇంట్లో ఇంకో ఏడేళ్ళు పెద్ద విషయమేమీ కాదు.