మా లిఫ్టులో మంచుకొండ

పాఠకులారా, ఈ మధ్య మానవజాతికి దక్కిన గొప్ప వరం ఏమిటో తెలుసా? వైఫై కాదు. "ఇది ఐస్‌బర్గ్ కొన మాత్రమే" అనే మాట!

ఐస్‌బర్గ్ అంటే సముద్రంలో తేలే మంచుకొండ. పైకి కనిపించేది పిసరంత, అసలు కొండంతా నీళ్ల కింద. చిన్న తప్పు వెనక కనిపించని పెద్ద తప్పు ఉందని హెచ్చరించడానికి పెద్దలు ఈ మాట వాడేవారు. ఇప్పుడు చిన్న తప్పును ముట్టుకోకుండా ఉండటానికి వాడుతున్నారు. ఎంత ఎదిగింది భాష!

మొన్న నాకు పన్ను నొప్పి. డాక్టరు "ఈ పన్ను కొన మాత్రమేనండీ" అని మిగతా పళ్లన్నిటికీ ఎక్స్‌రే తీశాడు. అన్నీ భేషుగ్గా ఉన్నాయట. ఆ పన్ను? అదీ భేషుగ్గా నొప్పెడుతోంది! మా అబ్బాయికి లెక్కల్లో సున్నాకి కాస్త ఎగువన మార్కులొచ్చాయి. "ఇవి కొన మాత్రమే నాన్నా. నా తెలివంతా నీళ్ల కింద ఉంది" అన్నాడు. దిగి చూద్దామంటే నాకు ఈత రాదు.

కూరలో ఉప్పెక్కువైందన్నాను మా ఆవిడతో.

"ఇది కొన మాత్రమే. అసలు కోపం ఇంకా వడ్డించలేదు" అంది. కంచం ఖాళీ చేసి లేచాను.

ఈ వరాన్ని సంపూర్ణంగా అనుభవిస్తున్నది మాత్రం మా అపార్ట్‌మెంటే. లిఫ్టు తలుపు స్విచ్చి పాడై లిఫ్టు ఆగిపోయింది. అది మారిస్తే చాలన్నాడు మెకానిక్. "స్విచ్చి కొన మాత్రమే! మొత్తం వ్యవస్థను ఆడిట్ చెయ్యాలి!" అన్నారు సెక్రెటరీగారు. ఆయన కాపురం గ్రౌండ్ ఫ్లోరులో. ఆడిట్ ఇప్పుడు నీళ్ల ట్యాంకు దాకా వచ్చింది. కొన గురించి ఇంత మాట్లాడినవారు స్విచ్చి మాత్రం కొనరు!

లాభాలు తక్కువా? నా పొట్ట తగ్గింది. ఇన్నాళ్లూ పలకరించుకోని ఇరుగుపొరుగు ఇప్పుడు ఒకే మెట్టు మీద కూర్చుని ఆయాసపడుతున్నారు. మోకాళ్ల నొప్పుల మా అమ్మ నాలుగో అంతస్తు దిగలేదు. ఆమె స్నేహితురాలు మెట్లెక్కలేదు. కింద బెంచీ మీంచి ఆవిడా, బాల్కనీలోంచి మా అమ్మా వీధంతా వినేలా రహస్యాలు చెప్పుకుంటున్నారు. ఇంత పారదర్శకత ఏ ప్రభుత్వంలో ఉంది?

ఆదివారం కింద హాల్లో మీటింగు. "నన్నూ తీసుకెళ్లండ్రా" అంది అమ్మ. నేనూ, పక్కింటాయనా కుర్చీలో మోసుకొచ్చాం. సెక్రెటరీగారు తెర మీద మంచుకొండ బొమ్మ వేసి గంభీరంగా వివరించారు.

"బాబూ, ఓడ నడిపేవాడికి ఆ కొన కనిపిస్తే ఏం చేస్తాడు?" అంది అమ్మ.

"ఓడ పక్కకి తిప్పుతాడు పిన్నిగారూ."

"వెంటనేనా? కమిటీ వెయ్యడూ?"

హాలంతా నవ్వింది. "మీ ప్రశ్న కూడా కొన మాత్రమే" అంటూ దాని పరిశీలనకు సబ్‌కమిటీ వేశారాయన.

తిరిగి ఎక్కేముందు పక్కింటాయనకు నడుం పట్టేసింది.

"ఆయన బదులు నువ్వు పట్టు నాయనా" అంది అమ్మ సెక్రెటరీగారితో. నలుగురి ముందు కాదనలేక పట్టారు.

మొదటి అంతస్తు దాకా ఆడిట్ గురించి మాట్లాడారు. రెండో అంతస్తులో మెట్లు లెక్కపెట్టారు. మూడో అంతస్తులో కుర్చీ దించి, మొహం తుడుచుకుని, మెకానిక్‌కి ఫోన్ చేశారు.

"ఆ స్విచ్చి పట్టుకుని ఇప్పుడే రావయ్యా! ఏంటీ, ఆడిటా? దాని సంగతి తర్వాత. ముందు నువ్వు రా!"

అమ్మ కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"ఇంకో అంతస్తుంది నాయనా" అంది.