గాలి వచ్చు వేళలు

ఆ సోమవారం పొద్దున తిమ్మప్ప అనుకున్న పనులు రెండే. గదిలో కూర్చుని వారం వాతావరణ సూచన ఫోనులో చదివి పంపడం ఒకటి, భార్య నీలావతిని ఆమె అక్క ఊరు ధర్మవరం పోయే పదింటి బస్సెక్కించి రావడం రెండోది. ముప్పై ఒక్క ఏళ్ళు బస్టాండు మైకులో బస్సుల రాకపోకలు చదివి రిటైరైన మనిషికి అంతకంటే పెద్ద పనులు ఎవరూ చెప్పడం లేదు కూడా.

ఉగాది వెళ్ళి వారం కాలేదు. మామూలుగా అయితే ఆ రోజుల్లో పెనుకొండలో పొద్దున తొమ్మిదికే రాళ్ళు కాలాలి. ఆ ఏడాది మాత్రం మూడు రోజులుగా సూర్యుడు కనబడలేదు. మబ్బు కొండ మీదికి దిగి కోట గోడను సగానికి మింగేసింది. మిగిలిన సగం నుంచి చలి మెల్లగా ఊళ్ళోకి జారుతోంది. కాకులు కూడా అరవడం మానేశాయి. తిమ్మప్పకు జలుబు చేసి గొంతు బొంగురుపోయింది.

అయినా చదవక తప్పదు. పట్టు రైతుల సంఘం కార్యదర్శి సుకన్య ముందురోజే ఫోను చేసి చెప్పింది.

"పెద్దనాయనా, పోయిన తూరి చలిగాలి వస్తాదని చెప్తే ఒక్కరన్నా కిటికీ మూసినారా? పన్నెండు ఇండ్లల్లో పంట పాయ. ఈ వారం కూడా ఇనకుంటే కంప్యూటర్ గొంతు పెడతామంటాండారు పైవాళ్ళు. నా చేతిలో ఏం లేదు."

తిమ్మప్పకు ఆ రాత్రి అన్నం సరిగా దిగలేదు. రిటైరయ్యాక మూడేళ్ళు ఆయన మాట ఇంట్లో కూడా ఎవరూ వినలేదు. వారానికోసారి నాలుగు నిమిషాలు నూరుమందికి పైగా రైతుల ఫోన్లలో తన గొంతు పలుకుతుందన్న ఒక్క ఊరటతో బతుకుతున్నాడు. అదీ పోతే తనకు మిగిలేది దగ్గు మాత్రమేనని ఆయనకు బాగా తెలుసు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. పట్టుపురుగు పాత చర్మం విడిచే ముందు తిండి మాని, తల ఎత్తి, కదలకుండా నిద్రపోతుంది. రైతులు దాన్ని జ్వరం అంటారు. పురుగుకు జీవితంలో నాలుగు జ్వరాలు. నాలుగో జ్వరంలో చలిగాలి తగిలితే పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇంకొక సంగతి. తిమ్మప్ప తల్లి రామసుబ్బమ్మ పట్టుపురుగులను ఏనాడూ పురుగులని అనలేదు, పిల్లలనేది. ఆమె కొడుక్కీ అదే అలవాటు.

ప్రతిధ్వని రాకుండా తిమ్మప్ప గది తలుపు మూసి, నల్ల కంబళి తల మీదుగా కప్పుకుని, లోపల ఫోను పట్టుకుని మొదలుపెట్టాడు. "పట్టు రైతులకు నమస్కారం, ఈ వారం వాతావరణ సూచన" అన్నాడో లేదో, వేలు జారి అంతవరకే సంఘం వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళిపోయింది. గొంతు సవరించుకుని మిగతాది రెండో ముక్కగా చదివాడు. చదివింది బస్సులను చదివిన పద్ధతిలోనే.

"దయచేసి వినండి. బుక్కపట్నం చెరువు మీదుగా వచ్చు గాలి మంగళవారం సాయంత్రం నాలుగు గంటలకు ధర్మవరం చేరును. బుధవారం పెనుకొండలో నిలుచును. గురువారం రొద్దం మీదుగా హిందూపురం పోవును. ఎవరూ ఎదురుగా పోరాదు. నాలుగో జ్వరంలో ఉన్న పిల్లలకు ఈ గాలి సోకినచో ఏమీ తినరు. ఒళ్ళు తెల్లబడి కట్టెలవలె బిగుసుకుపోదురు. కావున గాలి వచ్చు వేళకు తలుపులు మూయవలెను. గదిలో అగ్గి పెట్టవలెను. రోగము రాకుండుటకు గడప ముందర సున్నం చల్లవలెను. గాలి బయటికి పోవుటకు పైన ఒక సందు వదలవలెను. లోపల పిల్లలుండగా ఎవరు పిలిచినా తలుపు తీయరాదు."

చివరి మాట అంటుండగా కాళ్ళకు చల్లగా తగిలింది. వీధి తలుపు తెరుచుకున్నట్టుంది. ఫోను మీద వేలు తీయకుండానే, "ఆ తలుపు వేసి రా" అని కేకవేశాడు. వంటింటి వైపు నుంచి ఆడగొంతు నిదానంగా పలికింది. "వస్తాండా... వస్తాండా." అది కూడా కలిసే వెళ్ళిపోయింది.

తన గొంతు తానే నాలుగుసార్లు విని, తృప్తిపడి తిమ్మప్ప బయటికి వచ్చేసరికి పదీ పావు. కంచం మీద మూత ఉంది, నీలావతి లేదు. వీధి తలుపు లోపలి గడియ వేసి ఉంది. కోపం వచ్చి పెరటి దోవన పోయుంటుంది లే అనుకుని అన్నానికి కూర్చున్నాడు.

రొద్దంలో పట్టుపురుగులు పెంచే కాలేసాబ్ రెండు ముక్కలూ విన్నాడు, అంతా సరిగ్గానే అర్థం చేసుకున్నాడు. హిందూపురంలో కూతురు కౌసర్ మిద్దె మీద చింతపండు ఆరబోసిందని గుర్తొచ్చి, గాలి ఏ రోజు వస్తుందో తెలుస్తుందని రెండో ముక్క మాత్రం ఆమెకు పంపాడు. ఆ తండ్రి చేసిన తప్పు అంతే. కౌసర్ కొడుక్కి మూడేళ్ళు. ఆ నెలలో వాడికి మూడుసార్లు జ్వరం వచ్చి తగ్గింది. ఆ పొద్దున మళ్ళీ ఒళ్ళు కాలుతోంది.

ఆమె వెంటనే తండ్రికి ఫోను చేసింది. "నాయనా, మావోనికి ఇది నాలుగో జ్వరమని ఆయప్పకెట్ల తెలిసె?"

కాలేసాబ్ మల్బరీ ఆకు కోస్తున్నాడు. కొమ్మల చప్పుడులో సగమే వినబడింది. కూతురు తన పురుగుల గురించి అడుగుతోందని మురిసిపోయాడు. "నాలుగోదే గదమ్మా మోసం చేసేది. ఏం తినబెట్టొద్దు, కదిలించొద్దు. రేపటికి సగం మంది లేస్తారు. లెయ్యనోళ్ళను ఏరి గుంతలో పూడ్చాల."

ఫోను కట్టయింది. కౌసర్ ఫోనును చాలాసేపు చూసింది. తన తండ్రి ఇలా మాట్లాడే మనిషి కాడు. తండ్రి నోటితో ఇంకెవరో మాట్లాడారని ఆమెకు తోచింది. పిల్లవాణ్ణి డాక్టరుకు చూపించి, మందు పోసి, దుప్పట్లో చుట్టి పడుకోబెట్టింది. ఆ తర్వాత గడప పొడుగునా సున్నం గీసి, "పిల్లలుండేవాళ్ళు జాగ్రత్త" అని రాసి ఆ గొంతును తెలిసిన నలభైమందికీ పంపింది. గాలి అంటే చెట్లను ఊపేది ఒకటి, మనుషులను పట్టేది ఒకటి. ఆ నలభైమందిలో ఒక్కరికీ చెట్లు గుర్తుకు రాలేదు.

మంగళవారం మధ్యాహ్నం మూడున్నరకు ధర్మవరం నుంచి నీలావతి ఫోను చేసింది.

"ఇదో, ఇంట్లోనే ఉండావా? ఈడ అందరి ఫోన్లల్లో ఒక దయ్యం మాట్లాడతాంది."

"దయ్యమా?"

"ఎవురో ముసిలోని గొంతు. నోట్లో మట్టి పోసినట్ల ఉండాది. యా ఊరికి ఎన్ని గంటలకొస్తాదో బస్సు టైములు చెప్పినట్ల చెప్తాండాడు సచ్చినోడు. మా లక్ష్మీనరసమ్మక్క మగ్గం దిగి లోపల కూర్చునేసె. వీధిలో ఒక్క మనిషి లేడు."

తిమ్మప్పకు నోటిదాకా వచ్చింది, అది నేనేనని. ముప్పై నాలుగేళ్ళు కాపురం చేసిన భార్యకు తన గొంతు ఆనవాలు తెలియలేదన్న బాధ దాన్ని వెనక్కి నెట్టింది. "తలుపేసుకోండి" అని మాత్రం అన్నాడు. అది విని అవతల నీలావతి భయం ఇంకా పెరిగింది.

సరిగ్గా నాలుగింటికి ధర్మవరంలో గాలి లేచింది. ఒక్క నిమిషం ముందు కాదు, వెనక కాదు. కరెంటు పోయింది. రేకులు లేచాయి. వేల మగ్గాల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోతే ఆ ఊరు ఎలా ఉంటుందో చాలామందికి ఆ రోజే తెలిసింది. వాతావరణ సూచన నిమిషంతో సహా నిజం కావడం అరుదు. అయిందంటే మాత్రం జనం దాన్ని వాతావరణం అనుకోరు.

బుధవారం పెనుకొండ వంతు. మధ్యాహ్నం రెండింటికే దీపాలు పెట్టుకునే చీకటి పడింది. తిమ్మప్ప వీధిలోకి తొంగిచూసి ఉలిక్కిపడ్డాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ప్రతి గడప ముందూ తెల్లటి సున్నపు గీత. ప్రతి ఇంటి పైసందు నుంచి పొగ. కుక్కలను కూడా లోపలికి తీసుకున్నారు. వీధి మొత్తం మీద సున్నం పడని గడప తనదొక్కటే.

ఆయనకు సిగ్గేసింది, దాని వెంటే దడ పుట్టింది. రేపు ఎవరైనా ఆరా తీస్తే ఊళ్ళను భయపెట్టిన మనిషి తానే అవుతాడు. అప్పుడు కంప్యూటర్ గొంతు కాదు కదా, ఏ గొంతూ తన నోట్లో మిగలదు. ఇంటింటికీ వెళ్ళి నిజం చెప్పేద్దామని కంబళి తల మీదుగా కప్పుకుని బయలుదేరాడు. అప్పుడే వడగండ్లు మొదలయ్యాయి.

పక్కిల్లు ఆటో నడిపే సంజీవప్పది. తలుపు తట్టి, బొంగురు గొంతుతో నిదానంగా పిలిచాడు.

"సంజీవప్పా. నేనప్పా. తలుపు తియ్యి."

లోపల పాత్ర ఒకటి కింద పడింది.

"భయపడొద్దు. ఆ గాలి సంగతి చెప్పల్లని వచ్చినా."

"స్వామీ," అన్నాడు సంజీవప్ప లోపలి నుంచి, ఏడుపు ఆపుకుంటూ. "మా ఇంట్లో ఎవురికీ జ్వరం లేదు స్వామీ. ముందరింటికి పో."

తిమ్మప్ప ముందరింటికి పోయాడు. అక్కడ ఈరక్క అనే ముసలామె కిటికీ సందు నుంచి చూసి, తల లేని నల్లటి ఆకారం వడగండ్లలో నడిచి వస్తోందని ఫోన్లో ఊరంతా చెప్పింది. ఆయన ఎంత గట్టిగా పిలిస్తే లోపల అంత గట్టిగా గడియలు బిగుసుకున్నాయి. ఎవరు పిలిచినా తీయరాదని చెప్పింది తానే కదా. పద్దెనిమిది ఇళ్ళు తిరిగాడు. మైకులో ముప్పై ఒక్క ఏళ్ళు చెప్పినా ప్రయాణికులు ఏనాడూ ఇంత క్రమశిక్షణగా విన్నది లేదు. వడగండ్లు తగిలి బుడిపెలు కట్టిన తలతో ఇంటికి వచ్చి, చీకట్లో ఒక్కడే కూర్చున్నాడు. వంటింట్లో ఏదో కదిలినట్టయింది. పిల్లి అనుకున్నాడు.

గురువారం గాలి చెప్పినట్టే రొద్దం మీదుగా హిందూపురం పోయింది. శుక్రవారం పొద్దున ఎండ కాసింది. ఎనిమిదింటికే సుకన్య స్కూటీ వీధిలో ఆగింది. తిమ్మప్ప, చదివే పని పోయిందనుకుని ముందే తలవంచుకున్నాడు.

"పెద్దనాయనా, నూటాపది ఇండ్లు తిరిగి వస్తాండా. ఒక్క ఇంట్లో కూడా పురుగు పోలేదు. అందరూ మూసినారు, అగ్గి పెట్టినారు, సున్నం చల్లినారు. కాలేసాబ్ మనవనికి కూడా జ్వరం తగ్గిపాయ. పైవాళ్ళు కంప్యూటర్ గొంతు వద్దనేసిరి."

తిమ్మప్ప కళ్ళు తడిశాయి. "నా గొంతు ఇన్నారు," అన్నాడు.

"నీ గొంతుకు గాదు," అంది సుకన్య నవ్వుతూ. "కడాకు ఆయమ్మ వస్తాండా వస్తాండా అనె చూడు, దానికి దడుసుకున్నారంతా. నాకే ఒళ్ళు జల్లుమనె. ఇంగ ప్రతి వారం ఆ మాట ఉండాలని పైనుంచి చెప్పినారు. అది ఉంటేనే నీ గొంతు. పెద్దమ్మకు చెప్పు."

కాస్త నొచ్చుకున్నా, తిమ్మప్ప సంతోషంగానే ఒప్పుకున్నాడు. మధ్యాహ్నం నీలావతి సంచితో గుమ్మం ఎక్కగానే నీళ్ళు కూడా తాగనివ్వకుండా ఫోను ఆమె నోటి దగ్గర పెట్టాడు.

"సోమవారం తలుపేసి రా అంటే వస్తాండా అంటివే, అదే మాట ఇంగొక తూరి అను."

"నేనెప్పుడంటి?"

"నేను గదిలో చదువుతాంటే. తొమ్మిదీ నలభైకి. ఫోన్లో టైము కూడా ఉండాది చూడు."

"తొమ్మిదీ నలభైకి నేను ధర్మవరం దోవలో ఉండా. సంజీవప్ప ఆటో తీస్తాంటే పదింటిదాకా ఎందుకని ఎనిమిదిన్నరకే పోతి. నువ్వు చెవుల్లో దూది పెట్టుకొని తల తుడుచుకుంటాంటివి. ముందర తలుపు దగ్గరికేసి పోతి."

ఆమె పర్సు తీసి బస్సు టికెట్టు చేతిలో పెట్టింది. ఇల్లు చేరేదాకా టికెట్టు పారేయరాదని ఆమెకు నేర్పింది తిమ్మప్పే. దాని మీద సోమవారం తేదీ, ఎనిమిది గంటల యాభై రెండు నిమిషాలు స్పష్టంగా అచ్చయి ఉన్నాయి. మనిషి మాట మీద అనుమానం వస్తే టికెట్టు చూడాలని ఆయన ఉద్యోగమంతా చెబుతూ వచ్చాడు.

నీలావతి ఫోను అందుకుని చెవి దగ్గర పెట్టుకుని మొత్తం విన్నది. "అయితే ఆ ముసిలోడు నువ్వేనా," అంది ముందు. తర్వాత చివరి మాట రెండోసారి విని ఫోను మెల్లగా బల్ల మీద పెట్టేసింది. "ఈ గొంతు నాది గాదు."

బయట ఎండ బాగా కాస్తోంది, ఆకు కూడా కదలడం లేదు. వంటింటి తలుపు మాత్రం చిన్నగా కిర్రుమంది.

"సున్నం డబ్బా యాడ పెట్టినావు?" అని అడిగాడు తిమ్మప్ప.

పెనుకొండలో ఆ వారం సున్నం పడకుండా మిగిలిన ఒక్క గడపా సాయంత్రానికి తెల్లబడింది.