ఏకగ్రీవ బాక్సింగ్

చేవెళ్ల, మొయినాబాద్ మండలాల చరిత్రలో మొట్టమొదటిసారిగా, ఫలితం ముందే తెలిసిన బాక్సింగ్ పోటీ జరగబోతున్నదని ప్రేమన్న ప్రకటించారు.

ఈ ప్రకటన మొయినాబాద్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో, విలేకరుల సమక్షంలో, ఉప్మా తర్వాత జరిగింది. ప్రేమన్న అసలు పేరు ప్రేమ్‌చంద్. నియోజకవర్గ క్రీడాభివృద్ధి కమిటీకి ఆయన చైర్మన్. ఆ కమిటీని ఎవరు వేశారో నాకు తెలియదు కాని, లెటర్‌హెడ్ మాత్రం చాలా అందంగా ఉంటుంది.

"బరిలకు దిగేది ఇద్దరు. ఒకడు మా మేనల్లుడు అభిలాష్. ఇంకొకడు కనకమామిడి సందీప్. గెలిచేది అభిలాష్. క్వశ్చన్స్ ఏమన్న ఉంటే అడుగుండ్రి," అన్నారాయన.

ఒక విలేకరి లేచాడు. "అన్నా, పోటీ ఎప్పుడు?"

"వచ్చే ఆదివారం."

"మరి రిజల్టు ఇయ్యాలనే చెప్తున్నరు?"

"ఆదివారం దాకా పబ్లిక్‌ను టెన్షన్ల పెట్టుడు నాకు ఇష్టం లేదు తమ్మీ."

ప్రజల రక్తపోటు గురించి ఇంతగా ఆలోచించే నాయకుణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

పోటీ ఎందుకు వచ్చిందో చెప్పాలి. కనకమామిడి ఊరి దగ్గర రోడ్డు పక్కన, పంచాయతీ స్థలంలో, ఒక పాత కోళ్లఫారం షెడ్డు ఉంది. ఒకప్పుడు యూనివర్సిటీ తరఫున పతకాలు తెచ్చిన గీతాంజలి అందులో చుట్టుపక్కల పిల్లలకు బాక్సింగ్ నేర్పుతుంది. సందీప్ ఆమె శిష్యుడే. షెడ్డు వెనక ప్రేమన్న గారి ఫామ్‌ప్లాట్ల వెంచర్ ఉంది. వెంచర్‌కు కమాను ఉంది, ఫౌంటెన్ ఉంది, రెండు సిమెంటు ఏనుగులున్నాయి. రోడ్డు ఒక్కటే లేదు. రోడ్డు రావలసిన చోట షెడ్డు ఉంది.

ఖాళీ చేయమని ఎప్పుడు కబురు పంపినా గీతాంజలి నవ్వి, పిల్లలతో ఇంకాసేపు స్కిప్పింగ్ చేయించేది. చివరికి ప్రేమన్న గారే మైకు పట్టుకుని ఊరందరి ముందూ మాట ఇచ్చారు.

"చెల్లె, కొట్లాట వద్దు. బాక్సింగ్ పెట్టుకుందం. మీ సందీప్ గెలిస్తే షెడ్డు మీకే, పంచాయతీల తీర్మానం చేయిస్త. మా అభి గెలిస్తే మీరు ఖాళీ చేయాలె. సరేనా?"

"సరే అన్నా," అంది గీతాంజలి. ఆమెకు అంతకంటే మంచి బేరం ఎవరూ పెట్టలేదు.

నా భార్య పోయాక ఇంట్లో పొద్దుటిపూట చప్పుడు లేక, నేను రోజూ ఆ షెడ్డు దాకా నడుస్తాను. వేలాడే సంచుల మీద గ్లవ్స్ పడే చప్పుడు వింటూ కూర్చుంటాను. నేను వెళ్లేసరికి ఎవరో ఒక ప్లాస్టిక్ కుర్చీ తుడిచి నీడలో వేసి ఉంచుతారు. ఎవరని అడిగితే పిల్లలందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

అక్కడే నన్ను ప్రేమన్న గారు పట్టుకున్నారు.

"సారూ, మీరు డిగ్రీ కాలేజీల స్టాటిస్టిక్స్ చెప్పిండ్రంట గద?"

"చెప్పానండి. రిటైరయ్యాను."

"అయితే ఇయ్యాల్టి సంది మీరు మా అంచనా కమిటీల మెంబర్. అభి ఎట్ల గెలుస్తడో సైంటిఫిక్‌గ తేల్చాలె."

"గెలుస్తాడో లేదో తేల్చాలా?"

"అది నేను తేల్చిన. మీరు ఎట్లనో తేల్చుండ్రి."

శాస్త్రానికి ఇంత స్పష్టమైన మార్గదర్శనం దొరకడం అరుదు. వెంటనే సర్వే మొదలైంది. చేవెళ్ల బస్టాండులో, మొయినాబాద్ టీకొట్ల దగ్గర, మంగలి షాపుల్లో జనాన్ని అడిగాం. ప్రశ్న ఒక్కటే: అభిలాష్ గెలుస్తాడా? జవాబులు రెండు: గెలుస్తాడు, తప్పకుండా గెలుస్తాడు. పారదర్శకత కోసం అభిలాష్ స్వయంగా పక్కన నిలబడ్డాడు.

అభిలాష్ పోరాట పటిమ తెలియనివారు రెండు మండలాల్లో లేరు. పోయిన ఎన్నికల ప్రచారంలో అతను ఎదుటి పార్టీవాళ్లను కొట్టి, వాళ్లు పారిపోయాక కూడా ఊపు ఆగక సొంత పార్టీవాళ్లను కొట్టాడు. తన, పర భేదం లేని అంతటి నిష్పాక్షికత రాజకీయాల్లో కనిపించదు. అతను ముందు అరుస్తాడు, తర్వాత ఉరుకుతాడు, ఆ తర్వాత చూస్తాడు.

సందీప్ తీరు వేరు. ఎదుటివాడి చెయ్యి ఎక్కడికి వస్తుందో అక్కడ సందీప్ ఉండడు. పక్కకు ఒక అడుగు వేసి ఎడమ చేత్తో చిన్నగా తాకుతాడు. తాకించుకున్నవాడు కాసేపు ఆగి తన పేరు గుర్తు చేసుకుంటాడు.

కమిటీ సమావేశంలో నా అభిప్రాయం అడిగారు. చెప్పాను. "అభిలాష్ ప్రతి దెబ్బా భుజం వెనక నుంచి తెస్తాడు. అది బయలుదేరిన సంగతి ఎదుటివాడికి ముందే తెలుస్తుంది. పైగా కొట్టేటప్పుడు ఊపిరి బిగబడతాడు. మొదటి రౌండ్ గండమే. అది దాటితే సందీప్ గెలుస్తాడు."

ప్రేమన్న గారు ఆలోచించి అడిగారు. "సారూ, సర్వేల్ల ఎర్రర్ అని ఒకటుంటది గద?"

"ఉంటుందండి."

"గిది గదే. సారు మాటను ఎర్రర్ కింద రాసుకోండ్రి."

అలా నేను ఆ సర్వేలో ప్లస్ ఆర్ మైనస్ ఒక మనిషినయ్యాను. నా మాటను కొట్టిపారేయకుండా ఏదో ఒక కిందైనా రాసుకున్నందుకు నాకు సంతోషమే కలిగింది.

సర్వే పూర్తయింది. అభిలాష్ గెలుపు ఖాయమైంది. 'విజేత అభిలాష్‌కు శుభాకాంక్షలు' అంటూ ఫ్లెక్సీ కూడా వచ్చేసింది. సందీప్‌కు మాత్రమే ఇదంతా పట్టలేదు. అతను పొద్దున్నే స్కిప్పింగ్ చేస్తూనే ఉన్నాడు. అప్పుడు ప్రేమన్న గారికి గొప్ప ఆలోచన వచ్చింది. మర్నాడు ఊరి పెద్దలను వెంటబెట్టుకుని షెడ్డుకు వచ్చారు.

"చెల్లె, అందరం ఒక్క మాట మీద ఉన్నం. ఇంక పోటీ ఎందుకు? సర్పంచిని ఏకగ్రీవం చేసినట్టు దీన్ని గూడ ఏకగ్రీవం చేద్దం."

గీతాంజలి చేతికి పట్టీ చుట్టుకుంటూ ఆగింది. "బాక్సింగ్‌నా?"

"ఊరికి ఎంత మంచి పేరు! రాష్ట్రంలనే తొలి ఏకగ్రీవ బాక్సింగ్. సందీప్ విత్‌డ్రా అయితడు. ఆయనకు మర్యాద తక్కువ చేస్తమా? ఉప సర్పంచి లెక్క ఉప విజేత పదవి ఇస్తం. శాలువా కప్పుతం."

"ఉప విజేత అంటే ఓడిపోయినోడే గదన్నా?"

"ఓడిపోవుడేంది? పోటీయే లేకపోతే ఓటమి యాడిది?"

పెద్దలందరూ తలలూపారు. వారిలో ఒకాయన మధ్యేమార్గం చెప్పాడు. "పోనీ చెరి సగం చేసుకోండ్రి. మొదటి రౌండ్ మనోడు గెలుస్తడు, రెండోది సందీప్ గెలుస్తడు. మూడోది ప్రేమన్న చూసుకుంటడు."

సందీప్ సంచిని కొట్టడం ఆపి అడిగాడు. "నేను విత్‌డ్రా అయితే షెడ్డు ఎవరికన్నా?"

"అది విజేత చూసుకుంటడు బిడ్డా. నీకెందుకు ఫికర్?"

"అయితే బరిలనే కలుద్దమన్నా," అని మళ్లీ సంచి వైపు తిరిగాడు.

బయటికి వస్తూ ప్రేమన్న గారు నాతో బాధగా అన్నారు. "చూసిండ్రా సారూ, ఈ కాలం పిల్లలకు కొట్టుకునుడు తప్ప వేరే ధ్యాస లేదు."

ఆదివారం వచ్చింది. వెంచర్‌లో ఏనుగుల మధ్య రింగు వేశారు. పెళ్లిళ్లకు టెంట్లు వేసేవాళ్లే కర్రలు పాతి తాళ్లు కట్టారు, కింద ఎర్ర తివాచీ పరిచారు. వెనక విజేత ఫ్లెక్సీ నిలబెట్టారు. దాని మీద అభిలాష్ ముఖం పెద్దది, ప్రేమన్న గారి ముఖం ఇంకా పెద్దది.

అభిలాష్ చేవెళ్ల నుంచి ఓపెన్ టాప్ జీపులో ఊరేగింపుగా వచ్చాడు. దారి పొడవునా డీజేకు డాన్స్ చేశాడు. ఎండ మండుతున్నది. అతను రింగులోకి వచ్చేసరికే తడిసి ముద్దయ్యాడు. తర్వాత అతిథులు రింగులోకి ఎక్కారు. ఒక్కొక్కరూ మాట్లాడారు. సందీప్ ఒక మూల స్టూలు మీద కళ్లు మూసుకుని కూర్చున్నాడు. అభిలాష్ మాత్రం ప్రతి సెల్ఫీకీ పిడికిలి ఎత్తాడు.

నగరం నుంచి వచ్చిన రిఫరీ అందరినీ కిందికి దింపి గంట కొట్టించాడు.

అభిలాష్ అరిచి ఉరికాడు. మొదటి దెబ్బ తాడుకు తగిలింది. రెండోది కర్రకు తగిలింది. మూడోది సందీప్ భుజాన్ని తాకింది. మా కమిటీ సభ్యులు లేచి ఈలలు వేశారు. గీతాంజలి కళ్లు మాత్రం సందీప్ కాళ్ల మీదే ఉన్నాయి. నాలుగోది బలమైన దెబ్బ. సందీప్ ఒక అడుగు పక్కకు వేశాడు. ఆ చెయ్యి తాళ్ల మీదుగా దూసుకుపోయి, ఫ్లెక్సీని చీల్చుకుని, సరిగ్గా అందులోని ప్రేమన్న గారి చెంప దగ్గర ఆగింది.

"అరే! మామకు తగిలింది!" అని జనంలో ఎవరో అరిచారు.

రెండో రౌండ్‌లో అభిలాష్ చేతులు బరువెక్కాయి. సందీప్ ఎడమ చెయ్యి మూడుసార్లు మెల్లగా పలకరించింది. అభిలాష్ ఆగాడు. చుట్టూ చూశాడు. "జర నీళ్లియ్యుండ్రి," అని మోకాళ్ల మీద కూలబడ్డాడు. వెనక్కి ఒరిగితే తల కర్రకు తగిలేది. సందీప్ చప్పున వంగి అతని చంకలో చెయ్యి వేసి ఆపాడు. అంత గోలలో అది ఎవరూ గమనించినట్టు లేదు. రిఫరీ లెక్కపెట్టి సందీప్ చెయ్యి ఎత్తాడు.

జనం చప్పట్లు కొట్టలేదు. అందరూ ప్రేమన్న గారి వైపు చూశారు. ఎటు కొట్టాలో తెలియక చేతులు గాలిలో ఆగి ఉన్నాయి.

ప్రేమన్న గారు నెమ్మదిగా రింగెక్కి మైకు అందుకున్నారు.

"నేను ముందే చెప్పిన్నా లేదా? మన పిలగాడే గెలుస్తడని!"

చప్పట్లు మారుమోగాయి. ఆయన సందీప్‌ను దగ్గరికి తీసుకుని శాలువా కప్పారు. "ఇచ్చిన మాట తప్పేటోణ్ణి కాదు నేను. షెడ్డు ఇస్తనన్న. కాని ఇంత పెద్ద చాంపియన్‌కు రేకుల షెడ్డు ఇస్తే ఊరు నా ముఖం మీద ఉమ్మదా? షెడ్డు వద్దు! అదే జాగల ఇంటర్నేషనల్ స్టేడియం కట్టిస్తున్న!"

ఈలలు. గీతాంజలి గట్టిగా ఏదో అంటున్నది. డీజే మొదలైంది. సందీప్ మైకు కోసం చెయ్యి చాచాడు కాని, గ్లవ్స్ వేసుకున్న చేతితో మైకు పట్టుకోవడం కష్టం.

మర్నాడు పొద్దున్నే దండ వేసుకుని జేసీబీ వచ్చింది. డ్రైవరు మంచివాడు. పిల్లలు సంచులు విప్పుకునేదాకా ఇంజన్ ఆపి బీడీ కాల్చుకున్నాడు.

సాయంత్రానికి అక్కడ శిలాఫలకం లేచింది. స్టేడియం కమిటీ చైర్మన్ అభిలాష్, వైస్ చైర్మన్ సందీప్. చిరిగిన ఫ్లెక్సీని కూడా వృథా పోనివ్వలేదు. చెంప అతికించి, విజేత ముఖం మార్చి, వెంచర్ కమాను మీద కట్టారు. తల సందీప్‌ది, మెడ కింద అభిలాష్. పక్కన 'స్టేడియం ఎదుట ప్లాట్లు' అని కొత్తగా రాయించారు.

అంచనా కమిటీ చివరిసారి సమావేశమై, అంచనా నూటికి నూరు పాళ్లు నిజమైందని తీర్మానించింది. ఏకగ్రీవంగానే. ఎర్రర్ కింద రాసుకున్న నన్ను కూడా కొట్టేశారు.

స్టేడియానికి ముందు స్టేడియం రోడ్డు కావాలి కనుక, అది వారంలో పూర్తయింది. చక్కటి తారు రోడ్డు. శిలాఫలకం పక్క నుంచి సాగి తిన్నగా ఏనుగుల దగ్గర ఆగుతుంది.

నేను ఇప్పటికీ పొద్దున్నే వెళ్తున్నాను. ఎవరో కుర్చీ తుడిచి శిలాఫలకం నీడలో వేసి ఉంచుతున్నారు. గీతాంజలి పిల్లలతో రోడ్డు మీదే సాధన చేయిస్తున్నది. ప్లాట్లు చూడడానికి గండిపేట వైపు నుంచి కార్లు బాగా వస్తున్నాయి, వేగంగా కూడా వస్తున్నాయి. హారన్ వినగానే సందీప్ ఒక అడుగు పక్కకు వేస్తాడు. అతని వెనక పిల్లలందరూ ఒక అడుగు పక్కకు వేస్తారు.

ఇంతవరకు ఒక్క కారు కూడా తగల్లేదు. వాళ్ల ఫుట్‌వర్క్ అలాంటిది.